ఇంకో రెండు వారాలు

కోట్లు కుట్టేవాళ్ళలో తొందర లేని మనిషిగా మాస్టరుకి పేరు. కొత్త బట్టని నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, అది ముడుచుకోవాల్సినంత ముడుచుకున్నాక గాని కత్తెర పెట్టడు. పచ్చికుట్టు వేసిన కోటుని కొయ్యబొమ్మకి తొడిగి వదిలేస్తాడు. తన బరువుకి తనే దిగి అది కుదురుకోవాలంటాడు. ఆ తర్వాతే అసలు కుట్టు.

“మీకు కోటు ఇస్తే పొట్ట పెరిగేదాకా ఆగాలి మాస్టరూ” అని ఎదురుకొట్టు చెప్పులాయన వెక్కిరిస్తాడు.

“పెరగనీ. లోపలి మడతలో బట్ట వదిలే కుడతాను.”

కాజాలు భార్య పని. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ ఆమె చేత్తో కుడుతుంది. కాజాలు కుట్టే మిషను ఒకటి ఉంది గాని, దాని మీద ఇస్త్రీ చేసిన బట్టలు పెడతారు. ఆమె సూది వంక చూడదు. ప్రతి ముడినీ వేలికొసతో తాకి, సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకుంటుంది. కళ్ళు మాత్రం కిటికీలోంచి వీధి మీద ఉంటాయి. ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారో ఆమెకి తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. అందరూ ఆమెని కాజాలమ్మ అంటారు.

ఆమె పెద్దపేగులో గడ్డ బయటపడింది. ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ మొత్తం వచ్చేసిందని, కానీ పక్కనున్న గ్రంథుల్లో కూడా కొంచెం జబ్బు కనిపించిందని, అందుకే కీమో ఇవ్వాలని డాక్టరమ్మ చెప్పింది.

“గాయం మానాక, ఆరేడు వారాల్లో మొదలుపెడదాం. ఎనిమిదో వారం దాటనివ్వకూడదు. ఆలస్యమయ్యేకొద్దీ మందు వల్ల వచ్చే లాభం తగ్గుతుంది.”

ఆ మందుతో వచ్చే ఇబ్బందులు కూడా దాచకుండా చెప్పింది. నీరసం, వికారం. వేళ్ళ కొసలు మొద్దుబారతాయి. చల్లటి వస్తువు ముట్టుకుంటే సూదులు గుచ్చినట్టుంటుంది. చాలామందికి తర్వాత తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది.

“సూదులు నాకేం కొత్త కాదులెండి” అంది కాజాలమ్మ. డాక్టరమ్మ నవ్వింది. మాస్టరు భార్య చేతుల వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆపరేషనుకు ముందే ఒక వాద్యబృందం వాళ్ళు నల్లకోట్లు పురమాయించారు. బృందం మొత్తానికి. ముందువైపు గుండీలు, చేతులకి గుండీలు, అన్నిటికీ చేతికాజాలే కావాలన్నారు. అది చూసే ఈ కొట్టుకి వచ్చారు. కోట్లు కొయ్యకి వేలాడుతున్నాయి, కాజాలు తప్ప అన్నీ అయి.

ఆరో వారంలో మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారు. కాజాలమ్మని బరువు చూడడానికి పక్కగదిలోకి తీసుకుపోయారు. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూస్తూ మాస్టరుని అడిగింది.

“ఎలా ఉన్నారు ఇంట్లో? తింటున్నారా? లేచి తిరుగుతున్నారా? వచ్చేవారం మొదలుపెట్టేద్దామా?”

ఆ పొద్దున్నే ఆమె మేడమెట్లు తనంతట తను దిగి, కొట్టు తలుపు తీసింది. చారులో ఉప్పు ఎక్కువైందని అతన్ని కసిరింది. అవన్నీ అతనికి గుర్తున్నాయి.

“ఇంకా నీరసంగానే ఉందండి. కుట్లు కూడా లాగుతున్నాయంటోంది. కాస్త కుదురుకోనిస్తే...”

“రక్తం కూడా కొంచెం తక్కువగానే ఉంది. సరే. ఇంకో రెండు వారాలు చూద్దాం. అంతకుమించి ఆగొద్దు.”

అంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదు. కాజాలమ్మ బయటికి వచ్చేసరికి డాక్టరమ్మ ఇంకో మనిషిని పిలుస్తోంది.

“ఏమన్నారు?”

“ఇంకో రెండు వారాలు ఆగమన్నారు.”

“అమ్మయ్య” అంది ఆమె. ఇంటికెళ్ళాక సూదిలో దారం ఎక్కించింది.

ఆ రెండు వారాలూ ఆమె కుట్టింది. పొద్దున కాసేపు, మధ్యాహ్నం పడుకుని లేచాక కాసేపు. మాస్టరు తన బల్ల దగ్గర సుద్దముక్కతో గీతలు గీస్తున్నట్టు నటిస్తూ ఆమె వేళ్ళు చూసేవాడు. గాయం మానని ఒంట్లోకి మందు ఎక్కించడం, తడి ఆరని బట్టని కత్తిరించడం ఒకటేనని తనకి తను చెప్పుకునేవాడు. కొంతసేపు అది నిజమనిపించేది. తర్వాత కోట్లు కనిపించేవి. ఎన్ని అయ్యాయో, ఎన్ని మిగిలాయో కన్ను తనంతట తనే చూసుకునేది. అప్పుడు మెడ వెనక వేడెక్కేది.

ఆమె కోసమా, కోట్ల కోసమా, లేకపోతే ఆ వేళ్ళని ఇంకొన్నాళ్ళు అలా చూసుకోవడానికా? ఎంత గింజుకున్నా తేలలేదు. ఏదైనా అబద్ధం అబద్ధమే.

ఎనిమిదో వారం వచ్చింది. ఇంకా కొన్ని కోట్లు మిగిలాయి. ఆసుపత్రికి వెళ్ళాల్సిన ముందురోజు మరదలు వచ్చింది. ఆమె సిటీ బస్సు నడుపుతుంది, గొంతు కూడా బస్సులో వెనక సీటుదాకా వినిపించేంత ఉంటుంది. అక్కతో అరగంట పోట్లాడి, మెట్లు దిగి కొట్టులోకి వచ్చింది.

“బావగారూ, అక్కయ్యకి నీరసమని ఫోనులో చెప్పారేంటి? పాత చీర విషయంలో నా మీద పడి నెగ్గింది. రేపు మొదలుపెడతారుగా?”

“చూడాలమ్మా. కొంచెం జలుబు చేసినట్టుంది. ఇంకో వారం అడుగుదామా అని...”

“జలుబా? ఎవరికి? మీకా?”

మాస్టరు సుద్దముక్క కింద పెట్టాడు. మరదలు అతని మొహం వంక చూసింది, తర్వాత వేలాడుతున్న కోట్ల వంక చూసింది. గొంతు తగ్గించింది.

“వాళ్ళు వేరే కోట్లు వేసుకుని వాయించుకుంటారు బావగారూ. అక్కయ్యకి ఇంకో ఒళ్ళు లేదు.”

ఆమె వెళ్ళిపోయాక అతను పైకి ఎక్కాడు. భార్య కిటికీ దగ్గర కోటు చేతిని ఒడిలో పరుచుకుని కుడుతోంది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఆ రెండు వారాలు డాక్టరమ్మ చెప్పలేదు. నేనే అడిగాను. నీకు నీరసంగా ఉందని చెప్పాను.”

సూది ఆగింది.

“కుట్లు లాగుతున్నాయని కూడా చెప్పాను.”

“ఎందుకు?”

“కుదురుకుంటావని.” ఆమె ఒడిలోని కోటు వంక చూశాడు. “కోట్లు కూడా ఉన్నాయి. వేళ్ళు మొద్దుబారితే మళ్ళీ... తెలియదు. నాకే తెలియదు.”

ఆమె దారం కొరికి, సూదిని సూదుల దిండులో గుచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు.

“నేను అమ్మయ్య అన్నాను కదా అప్పుడు.”

“అన్నావు.”

“భయపడి అన్నాను. డాక్టరే ఆగమందంటే అంత ప్రమాదం లేదేమో అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. రెండు వారాలు ఆ ధైర్యంతోనే కూర్చుని కుట్టాను.” ఆమె ఒడిలోని కోటుని పక్కకి తోసింది. “నా ఒళ్ళంటే మీ బల్ల మీద పరిచిన బట్ట అనుకున్నారా మాస్టరూ?”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అతన్ని మాస్టరని పిలవలేదు. అది బయటివాళ్ళ పిలుపు.

మర్నాడు ఆసుపత్రిలో ఆమె అతన్ని మాట్లాడనివ్వలేదు. జరిగింది తనే చెప్పింది, ఇంటి గుట్టు అని దాచకుండా. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి విన్నది. ఆమెని సూటిగా అడక్కపోవడం తన పొరపాటేనని ఒప్పుకుంది. మందు ఆరోజే మొదలుపెట్టించింది.

భార్యని లోపలికి తీసుకుపోయాక మాస్టరు వసారాలో డాక్టరమ్మని ఆపాడు.

“ఈ ఆలస్యం వల్ల ఏమైనా అవుతుందాండీ?”

“ముందే మొదలుపెట్టి ఉంటే బాగుండేది. మరీ ఆలస్యం కాలేదు.”

“తేడా ఎంత ఉంటుందో...”

“ఈవిడ విషయంలో అది ఎవరూ చెప్పలేరండి. నేనూ చెప్పలేను.”

ఏమీ కాదంటే ఊపిరి పీల్చుకునేవాడు. తప్పు చేశావంటే తల వంచుకునేవాడు. ఆవిడ రెండూ అనలేదు. తన దారిన తను వెళ్ళిపోయింది.

అతను లోపలికి వెళ్ళాడు. పొడవాటి గది, వరసగా కుర్చీలు. కిటికీ పక్క కుర్చీలో భార్య కాళ్ళు చాపుకుని ఉంది. మందు సంచి నుంచి సన్నటి గొట్టం చేతిలోకి దిగింది. ఆమె రెండో చెయ్యి దుప్పటి మీద పెట్టుకుని, బొటనవేలితో ఒక్కొక్క వేలికొసనే తాకి చూసుకుంటోంది. ఇంకా తెలుస్తోంది కాబోలు, మళ్ళీ మొదటినుంచి తాకుతోంది.

అతను ఎదురుగా నిలబడ్డాడు.

“కూర్చోండి” అంది ఆమె, తలెత్తకుండా. “వెలుతురుకి అడ్డొస్తున్నారు.”

అతను పక్కకి జరిగి కూర్చున్నాడు.