దూడకిచ్చిన మందారాలు

మందారపు రంగుతో పేడ పరీక్ష చేసే అమ్మాయి పశువుల ఆసుపత్రికి వచ్చిందని మొదట చెప్పింది మా పాలావిడ. సింహాచలం అప్పన్నకు మొక్కిన మా కోడెదూడ అప్పటికే మేత మానేసింది. పూజకు కోసిన మందారాలు చేతిలో ఉండగానే దూడ పేడ పట్టుకుని పరుగెత్తాను.

ఆ పూట రంగు అయిపోయిందట.

"ఆ పూలు ఇలాగిచ్చీండి పిన్నీ."

"అప్పన్నవమ్మా!"

"దూడ మాత్రం అప్పన్నది కాదేటి?"

నవ్వేసి ఇచ్చాను. పూలు ఉడికించి, ఆ నీరు గాజుపలక మీది పేడలో కలిపింది. ఏం కనబడినా ముందు పశువు తాలూకు మనిషికి చూపించాకే డాక్టరుగారికి చెప్పడం ఆ అమ్మాయి అలవాటు.

"ఏలికపాము గుడ్లు! సూడండి, ఎంత బాగున్నాయో!"

మైక్రోస్కోపులో చూస్తే, ఎర్రని నీటిలో పసుపు గింజల్లా కనబడ్డాయి. మందు పడింది. దూడ గంతులేస్తూ అప్పన్న కొండెక్కి మొక్కు తీర్చింది.

మీరు అప్పన్న దర్శనానికి వెళ్తే, బదిలీ మీద వెళ్లిపోయిన ఆ అమ్మాయి చల్లగా ఉండాలని ఒక్క మాట చెప్పండి.