ఆరనియ్యి అన్నడు బాపు

ఒక్క క్రియాపదంతో ఫ్యాక్టరీ మూయించినవాళ్ళు లోకంలో ఎందరున్నారో నాకు తెలియదు. సిద్దిపేటలో మాత్రం నేనొక్కణ్ణే. సమ్మె అక్కర్లేదు, దివాలా అక్కర్లేదు. చేతిలో ఒక ఎం.బి.ఏ. పట్టా ఉంటే ఈ పని ఎంత శుభ్రంగా జరిగిపోతుందో చెబుతాను, వినండి.

ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఊరి చివర రేకుల షెడ్డు, అందులో ఒక పాత మెషిన్. ఒక చివర నైలాన్ గింజలు పోస్తే, వేడి గొట్టంలో పొడవాటి మర తిరుగుతూ వాటిని కరిగించి నెట్టుకొస్తుంది. రెండో చివర చేపల వలలకు దారం వస్తుంది. ఆ గొట్టాన్ని మా బాపు ‘పొయ్యి’ అనేవాడు. చిన్నకోడూరు వైపు చేపలు పట్టేవాళ్ళు ఆయన దారమే అడిగి తీసుకుపోయేవారు.

గిరాకీ లేని రోజుల్లో కూడా బాపు సన్నగా దారం తీస్తూనే ఉండేవాడు.

“గిరాకి లేంది ఎందుకు బాపు? కరెంట్ దండుగ.”

“ఆరిన పొయ్యి మళ్ల రాజేసుడు కన్న, మండే పొయ్యిని సాదుకునుడు అగ్గువ బిడ్డా. గొట్టంల నైలాన్ గడ్డ గట్టిందనుకో, కరిగేదాక కరెంట్ తాగుతది. కరిగినంక వచ్చే దారం ఉట్టిగ పారవోసుడే.”

నేను జాలిగా నవ్వాను. వృథా ఖర్చుల మీద నేనొక సెమిస్టరంతా చదివాను. ‘సాదుకోవడం’, అంటే సాకడం, అన్న మాట ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఆ వానాకాలం బాపుకు గుండె జబ్బు చేసింది. హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతుంటే, స్ట్రెచర్ మీదనుంచే నా చెయ్యి పట్టుకున్నాడు.

“పొయ్యి పైలం. నేనొచ్చి, కొత్త ఆర్డర్ దారం నా చేతులతోటి తీస్త.”

అమ్మ ఆయన వెంట వెళ్ళింది. షెడ్డు నాకు మిగిలింది. ముసురు పట్టింది, రేకులు కారి గింజలు తడిశాయి. తడి గింజల దారం పుటుక్కున తెగుతుంది. బాపుకు ఫోన్ చేశాను.

“బాపు, గింజలు తడివట్టినయ్. గిక్కడ మీటర్ గిర్రగిర్ర తిరుగుతుంది, పొయ్యి ఉట్టిగ మండుతుంది. ఏం జెయ్యమంటవ్?”

అవతల ఏదో రొద. తర్వాత సన్నగా బాపు గొంతు.

“ఆరనియ్యి బిడ్డా.”

“ఆరనియ్యాల్నా?”

“తొందర వడకు. మంచిగ ఆరనియ్యి.”

అయ్యా, తెలుగులో తడి బట్టా ఆరుతుంది, దీపమూ ఆరుతుంది. ఆయన గింజల సంగతి చెప్పాడు, నేను పొయ్యి సంగతి విన్నాను. తప్పు నా చెవులది కాదు. విన్నది నా పట్టా.

మెషిన్ నడిపే యాదగిరి నమ్మలేదు. “పొయ్యి ఆర్పమన్నడా? మన బాపేనా?”

“మంచిగ ఆర్పమన్నడు.”

స్విచ్చు తీశాను. మీటరు ఆగింది. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలన్నట్టు, కరెంటు తీగలోనే ఉండాలి, దారం మాత్రం బారెడు రావాలి. ఇదీ నా అర్థశాస్త్రం.

బాపు ఇంటికొస్తున్నాడని కబురొచ్చింది. ఆయన వచ్చేసరికి దారం వస్తూ ఉండాలని నా ఆరాటం. పొయ్యి వేడిచేసి గొట్టం మీద చెయ్యి పెడితే చుర్రుమంది. ఇల్లలకగానే పండగ కాదు, గొట్టం కాలగానే నైలాన్ కరగదు. మోటారు మీట నొక్కాను. లోపల ఫట్‌మంది.

“సారూ,” అన్నాడు యాదగిరి, “మర ఇరిగింది.”

కొత్త మర ధర విని మా పాత మెషిన్ సిగ్గుతో తల దించుకుంది.

బాపు కారును ముందు షెడ్డు దగ్గరే ఆపించాడు.

“మంచిగ ఆరినయా?”

“ఆరింది బాపు.”

“ఆరిందా? ఏంది ఆరింది?”

“పొయ్యి.”

గొట్టంలోంచి యాదగిరి తవ్వి తీసిన కొబ్బరికాయంత నైలాన్ గడ్డ నేలమీద ఉంది. బాపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“మా ఎం.బి.ఏ. తీసిన మొదటి సరుకు. ఇంటికి వట్టుకపోదాం.”

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంటిదాకా ఆయన బొటనవేలూ చూపుడువేలూ ఒరుసుకుంటూనే ఉన్నాయి, లేని దారం నునుపు చూస్తున్నట్టు.

మెషిన్ పాత ఇనుప సామాను కింద పోయింది. చేపలవాళ్ళు దారానికి వేరే ఊరు చూసుకున్నారు. చలికాలం దాటకుండానే బాపు కూడా పోయాడు.

ఆయన పడుకునే చోట అమ్మ దీపం పెట్టింది.

“దినాలయ్యేదాక నీ మీదనే బిడ్డా. ఆరనియ్యకు.”

“ఏంది ఆరనియ్యొద్దు అమ్మా? దీపమేనా?”

అమ్మ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. “దీపమేరా. ఇంకేం మిగిలింది ఆరుతందుకు?”

కిటికీ గాలికి అడ్డంగా ఆ నైలాన్ గడ్డను పెట్టాను. కరిగే గుణం తెలిసినవాణ్ణి కనుక దీపానికి జానెడు దూరంగా పెట్టాను.

ఆ గడ్డ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరు “ఆరనియ్యి” అన్నా, ఏది అని అడగకుండా ఏ స్విచ్చూ ముట్టను. దినాలన్నీ రాత్రీ పగలూ ఆ దీపాన్ని సాదుకున్నాను. నూనె దండుగని ఒక్కసారి కూడా అనిపించలేదు.