కంటిన్యుటీ కోసం బిర్యానీ

ఒంటి లోపల మనం చూడలేనిదాన్ని కూడా ఎరిగిన దేవునికి మొదట స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు మాటలు రాసే ధైర్యం నాకు లేదు.

మా అబ్బాయికి పదకొండేళ్లు. సినిమాల్లో బొద్దుగా ఉండే స్కూలు పిల్లాడి వేషాలు వేస్తాడు. మొదటి వేషం వచ్చిన ఆదివారం చర్చిలో సంఘమంతా లేచి నిలబడి దేవుణ్ణి స్తుతించింది. వాడి బుగ్గలు మాకు ఆశీర్వాదంగానే కనబడ్డాయి. మెడ వెనక నల్లగా ఉంటే మట్టి అనుకుని శనగపిండితో రుద్దేదాన్ని. షూటింగులో ఆ నలుపు మీద మేకప్ వేసేవారు.

జ్వరమని జూబ్లీ హిల్స్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ గొంతు చూస్తూ మెడ దగ్గర ఆగిపోయారు. పరీక్షలు రాశారు. రిపోర్టులు వచ్చాక చెప్పారు.

"ఇది మట్టి కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదు. కాలేయంలో కొవ్వు చేరింది. ఇలాగే వదిలేస్తే షుగర్ వస్తుంది."

షుగర్ మా అత్తగారికి ఉంది. పదకొండేళ్లవాడికా?

మందులివ్వలేదు, ఇంటిల్లిపాదీ మారాలన్నారు. కూల్‌డ్రింకులు మానేశాం. అన్నం తగ్గించి కూరలు పెంచాం. సాయంత్రాలు వాడూ, నేనూ, మా ఆయనా షేక్‌పేట దాకా నడిచేవాళ్లం. కొన్నాళ్లకు రిపోర్టులు మెరుగయ్యాయి, వాడి చొక్కా వదులైంది.

అప్పటికి ఒక సినిమా సగంలో ఉంది. షూటింగుకు వెళ్తే ప్రొడక్షన్ మేనేజర్ వాడి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది మేడమ్, బాబు గిట్ల సన్నగయిండు? కంటిన్యుటీ పోతది. మొన్న తలుపుల ఇరుక్కున్నోడు గిప్పుడు కిటికీలకెల్లి దూకుతడు."

అందరూ నవ్వారు. మావాడూ నవ్వాడు.

"డాక్టరమ్మ చెప్పారండీ. మళ్లీ లావైతే వాడి కాలేయం పాడవుతుందట."

"షెడ్యూల్ అయ్యేదాక జర బిర్యానీ తినిపియ్యున్రి. తర్వాత మళ్ల తగ్గిపియ్యొచ్చు."

జుట్టు పెంచమన్నంత తేలిగ్గా అన్నాడు.

"చొక్కాలో దూది పెట్టుకోండి. బిర్యానీ మాత్రం పెట్టను," అన్నాను. అతను ఫోన్ చేసుకుంటూ పక్కకు వెళ్లిపోయాడు.

ఇంటికొస్తుంటే ఆటోలో మసాలా వాసన. వాడి ఒళ్లో మేనేజర్ నాకు తెలియకుండా ఇచ్చిన బిర్యానీ పొట్లం. ఆకలి లేకపోయినా కుక్కుకుంటున్నాడు.

"సన్నబడితే నన్నెవరు పిలుస్తారమ్మా?"

పొట్లం లాక్కున్నాను. ఏడ్చాడు. ఆ సినిమాలో వేషం పోయింది. తర్వాత ఇంకే పిలుపూ రాలేదు.

చదువుతున్న మీరు కాసేపు ఆగి నాతో కలిసి ప్రార్థించండి. ఎవరూ పిలవని ఈ రోజుల్లో ఆ బిడ్డ మనసును ప్రభువు కాయాలని, ఆకలైనప్పుడే తినే నెమ్మదిని వాడికి ఇవ్వాలని. ఆమెన్.