ప్రార్థన కోసం ఆగిన పొయ్యి

పచ్చి కట్టెల పొగలోంచి వచ్చే మొరను కూడా ఆలకించే ప్రభువుకు స్తోత్రం.

పొయ్యి పొగకు అమ్మ చూపు మసకబారి, బైబిలులో అక్షరాలు ఆనడం మానేశాయి. అందుకని మా బాపు హైదరాబాదు నుంచి పంపు కొట్టే ఇత్తడి పొయ్యి తెచ్చాడు. గ్యాసునూనె, అంటే కిరోసిన్, పోస్తే పొగ లేకుండా మండుతుంది. కానీ మా సంఘంలో కొత్త వస్తువేదైనా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాకే వాడాలి. భువనగిరి నుంచి ఎడ్లబండి మీద ఊరూరూ తిరిగే అయ్యగారు వానలు వెలిసేదాకా మా ఊరికి రారు. అందాకా ఆ పొయ్యి అల్లికగుడ్డ కప్పుకొని గూట్లో సుఖంగా కూర్చుంది. చుట్టాలు వస్తే బాపు గుడ్డ తీసి, పొగ రాకపోవడం ఎంత గొప్పో వివరించేవాడు. అమ్మ పొగలో దగ్గుతూ వాళ్లకు వండేది.

ముసురుకు కట్టెలన్నీ తడిసిన ఒక పొద్దున అమ్మ ఆ పొయ్యిని కిందికి దించింది.

"అయ్యగారు రాకముందే ముట్టిస్తవా?" అన్నాడు బాపు.

"నా కండ్లు పోయినంక వస్తే అయ్యగారి మొఖం గూడ కనవడది. నేను జేసే ప్రార్థన దేవుడు ఇనడా ఏంది? నువ్వు జర ఆమెన్ అను."

కళ్లు మూసుకొని, అయ్యగారికి ఎన్నడూ చేతకానంత తొందరగా ముగించింది. సంఘానికి వాక్యం చదివి వినిపించే బాపుకు ఆమెన్ అనక తప్పలేదు. ఆ పూట కొత్త పొయ్యి మీద ఉడికిన అన్నం మాత్రం అందరికంటే ముందు తనే పెట్టించుకున్నాడు.

చదివేవారలారా, గూట్లో పొయ్యి పెట్టుకొని ఇంకా పొగలో కట్టెలు ఊదుతున్న తల్లుల కళ్ల కోసం నాతో కలిసి ప్రార్థించండి. మగవాళ్లు ఆమెన్ అంటే చాలు.