ఐనార్ కోసం ఉడికిన కార్జం

మూత టకటకా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వంటింట్లోంచి కాదు. వృద్ధాశ్రమం వంటిల్లు చూసుకునేది దాగ్ని, పొయ్యిలన్నీ ఆమె ఎదుటే చల్లగా ఉన్నాయి. చప్పుడు వెనకే ఉల్లి, వెనిగర్, చేపనూనె కలిసిన వాసన తలుపు సందులోంచి లోపలికి వచ్చింది.

వరండా తలుపు తీసింది. మంచు మీద పీట వేసుకుని, పడవల్లో వాడే కిరసనాయిలు స్టవ్ ముందు రాగ్నా కూర్చుని ఉంది. ఎనభై ఏడేళ్ళ మనిషి. నార్వే ఉత్తరాన ఈ లోఫోటెన్ రేవులో కాడ్ చేపల కార్జాలు ఏరి, నూనె కాచే షెడ్డులో నలభై చలికాలాలు ఆవిరితో గడిపింది. మిట్టమధ్యాహ్నమైనా వెలుగు నీలంగానే ఉంది. నెల రోజులుగా సూర్యుడు కొండ మీదికి తలెత్తలేదు.

పడవ నుంచి నేరుగా వచ్చిన చేపను ఈ వృద్ధాశ్రమం వంటింట్లో వండకూడదు. పొద్దున దాగ్ని ఆ నియమం చెబితే రాగ్నా వాదించలేదు. మేనల్లుడు తెచ్చిన చేపను ఒళ్ళో పెట్టుకుని, మరి వరండా వంటిల్లు కాదు కదా అని మాత్రం అడిగింది.

"పెద్దమ్మా, ఇది నేను పైకి రాసి పంపాలి. స్టవ్ పట్టుకుపోతారు."

"పోనీలే. ముందు ఆ ఉప్పు ఇలా అందుకో."

ఇదంతా ఇక్కడే ఉంటున్న రాగ్నా తమ్ముడు ఐనార్ కోసం. నవంబరు నుంచి అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి ముట్టడు. ఒంట్లో విటమిన్ డి అడుగంటిందని, ఎముకలు గుల్లబారతాయని డాక్టరు గుళికలు రాస్తే, బుగ్గన దాచి పూలకుండీలో ఉమ్మేస్తున్నాడు. ఎండ మొహం చూడని రోజుల్లో అమ్మ మాకు ఈ కార్జం వండి, ఎండని గిన్నెలో పెట్టి తినిపించిందని, వాడు ఎదురుచూసేది ఆ గిన్నె కోసమేనని రాగ్నా పట్టుబట్టింది.

పళ్ళెం ఐనార్ గదికి వెళ్ళింది. తెల్లటి చేపముక్కలు, చేపగుడ్లు, పైన నూనె ఓడుతున్న కార్జం. ఐనార్ ముక్కు కదిలింది. మెల్లగా గోడను వదిలి ఇటు తిరిగాడు. రెండు ముద్దలు నమిలాడు.

"ఉల్లిపాయ తక్కువేశావక్కా," అన్నాడు.

రెండు నెలల్లో అతని నోట వచ్చిన మొదటి మాట. మిగిలిన నూనెను పల్చటి రొట్టెతో తుడుచుకు తిన్నాడు.

దాగ్ని వరండాలోకి వచ్చి, పైకి పంపాల్సిన కాగితం తీసి తేదీ వేసింది. తరవాత కలం కదల్లేదు. రాగ్నా గిన్నెను మంచుతో తోముతూ, తల తిప్పకుండానే అంది:

"రాయమ్మా, నా పేరు పూర్తిగా రాయి. వండింది, గురువారం మళ్ళీ వండుతుంది అని కూడా రాయి. ఉల్లిపాయలు మాత్రం నువ్వు తెచ్చిపెట్టు."