స్తంభం మీద కళ్ళు లేని బొమ్మ

2014 చలికాలం. ఇనుప ఖనిజం గనులున్న బచేలీ టౌన్‌షిప్‌లో నేను టూరిస్టు జీపు నడుపుతున్న రోజులు. మా నాన్న గనిలో ఉద్యోగానికని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కొండల్ని తవ్వడం ఆయన వంతైతే, ఆ కొండల చుట్టూ జనాన్ని తిప్పడం నా వంతయింది.

మా వృత్తిలో ‘ఫొటో హాల్ట్’ అని ఒక మాట ఉంది. చూడదగ్గ చోట బండి ఆపితే వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు, మళ్ళీ కదులుతాం. నేను దిగేవాణ్ణి కాదు, ఒక్కోసారి ఇంజిను కూడా ఆపేవాణ్ణి కాదు. రోడ్డు పక్క మృతుల స్తంభాల దగ్గర ఈ హాల్టు తప్పనిసరిగా ఉండేది. ఇక్కడి ఆదివాసీలు ఇంట్లో మనిషి పోతే రాతి స్తంభం నిలబెట్టి, ఆ మనిషి బతుకులో ఉన్నవన్నీ దాని మీద బొమ్మలుగా వేస్తారు. సైకిలు, కోడిపుంజు, రేడియో, ఏదైనా సరే. వాటిని ఆనుకుని ఇకిలిస్తూ ఫొటోలు దిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. అయినా మనకెందుకులే అని ఊరుకునేవాణ్ణి.

ఆ ఏడు రాజ్యలక్ష్మి గారు విశాఖపట్నం నుంచి రెండోసారి వచ్చారు. రిటైరైన టీచరు. మొదటిసారి వచ్చినప్పుడు బుధ్రి అనే ముసలమ్మ ఇంటి ముందు ఆగాం. మిగతావాళ్ళు ఆమె పచ్చబొట్లను ఫొటోలు తీస్తుంటే, ఈవిడ మాత్రం పక్కన కూర్చుని, ఆమె ఆకుదొప్పలో పోసిన రాగి జావ తాగారు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ ఒకటే నవ్వులు. ఈసారి ఆవిడ వచ్చిందే బుధ్రిని చూడటానికి.

బుధ్రి వాళ్ళ ఊరి మొదట్లో కొత్త స్తంభం కనిపించింది. మిట్టమధ్యాహ్నం, ఒక్క కోడి కూడా కూయడం లేదు. నాకేదో అనుమానం వచ్చేలోపే టీచరు గారు దిగి, దగ్గరకు నడిచి, అక్కడే నిలబడిపోయారు.

“శంకరం, ఇది నేనే.”

నిజమే. స్తంభం బుధ్రిది, అంటే ఆమె పోయిందన్నమాట. పచ్చబొట్లతో ఉన్న ఆమె బొమ్మ పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. ఆకుపచ్చ చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, చేతిలో దొప్ప. ముఖంలో కళ్ళు మాత్రం లేవు. బుధ్రికి ఉన్నాయి, ఆమె కోడికీ ఉన్నాయి. అంతలో దూరాన కొండ మీద గనిలో బ్లాస్టింగ్ జరిగి కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. 

“పోయినవాళ్ళ రాయి మీద బతికున్న నన్నెందుకు వేశారు? కళ్ళెందుకు పెట్టలేదు? నాకు భయంగా ఉంది, చెరిపించు నాయనా,” అన్నారావిడ. 

తల్లి పోయిన ఇంట్లో ఆ మాట ఎలా అడగడం? అడగకపోతే ఈవిడకు ఇక నిద్ర పట్టదు. చివరికి బుధ్రి కొడుకు బామన్‌ని పిలిచాను. బొమ్మలు వేసింది అతనే. గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు. అత్తవారిది తెలుగువాళ్ళుండే సరిహద్దు ఊరు భోపాల్‌పట్నం కాబట్టి తెలుగు బాగానే వచ్చు.

అంతా విని కోపం తెచ్చుకోలేదు. “అమ్మనే వెయ్యమన్నది. ఫొటోలు తీసెటోళ్ళు మస్తుగ వచ్చిన్రు భయ్యా. కూసొని జావ తాగింది ఈమె ఒక్కతే.”

“మరి కళ్ళేవి?”

“ఆ రోజు నేను డ్యూటీల ఉన్న. చీర, కళ్ళజోడు అమ్మ చెప్పినట్టు వేసిన. చూడకుండ కళ్ళెట్ల వేస్త? మళ్ళ వస్తదని అన్నది అమ్మ. అందుకే వదిలిపెట్టిన.”

ఇంట్లోకి వెళ్ళి కుంచె, నల్ల రంగు తెచ్చాడు. “వద్దంటే చెరిపేస్త అమ్మా. ఉండనిస్తే జర ఇటు చూడుండ్రి.”

 టీచరు గారు స్తంభం పక్కన, బొమ్మలో ఉన్నట్టే నేల మీద కూర్చున్నారు. అతను ఆవిడ ముఖంలోకి చూస్తూ ఒక్కో కన్నూ వేశాడు. పూర్తయ్యాక రాతి మీది ఆవిడ కూడా మా వైపే చూసింది.

“భయం పోలేదు శంకరం,” అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. “అయినా చెరపనివ్వను.”

ఆవిణ్ణి అక్కడికి తెచ్చింది నేనే కదా, నేనెక్కడున్నానని వెతికాను. స్తంభం అడుగున నా జీపు బొమ్మ ఉంది. పైన క్యారియరుతో సహా అచ్చం నాదే. స్టీరింగ్ వెనక ఎవరూ లేరు.

“మరి నడిపింది నేనే కదా? బండి ఖాళీగా ఉందేం?”

“నువ్వెప్పుడు దిగినవ్ భయ్యా? బండైతే దారిల దినాం కనిపిస్తది, దిగనోని ముఖం ఎట్ల వేస్త?” అన్నాడు బామన్ మామూలుగా, కుంచె కడుక్కుంటూ.

వచ్చినవాళ్ళకు ఊరు చూపించడమే నా పని అనుకునేవాణ్ణి. ఊరు కూడా మమ్మల్ని చూస్తుందని ఆ రోజు అర్థమైంది. ఇప్పుడు నా టూర్లలో ఫొటో హాల్ట్ లేదు. ఆగితే ఇంజిను ఆపేసి ముందు నేనే దిగుతాను, పోసిన జావ తాగుతాను. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నా చూపు ఆ జీపు బొమ్మ మీదికే పోతుంది. సీటు ఇంకా ఖాళీగానే ఉంది.