అన్నిటికీ అవునన్నాను

భద్రాచలంలో నా అంత చవగ్గా ఒక హత్యను మాయం చేసినవాడు ఇంకొకడు లేడు. నకలు తీయడానికి కొత్త డిస్కు కొనే ఖర్చు కూడా మిగుల్చుకున్నాను. ఏళ్లుగా ఈ గొప్పను ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్నాను. బరువు దిగుతుందో లేదో తెలియదు, మీకు చెబుతున్నాను.

నాది కంప్యూటర్ రిపేరు కొట్టు. పెరిగింది మాత్రం కిరాణా గల్లాపెట్టె పక్కన. గిరాకీతో 'లేదు' అనడం మా ఇంట్లో నిషిద్ధం. ఉప్పు అయిపోతే 'నిండుకుంది, రేపొస్తది' అనాలి. కాదు అనే మాట నా నోటికి అలవాటు కాలేదు.

చర్ల దాటాక రోడ్డు పక్కన టీ హోటల్ నడిపే ఆమె, ఒక మధ్యాహ్నం కొంగులో చుట్టి ఒక డిస్కు తెచ్చింది. వాళ్ల హోటల్ కెమెరా రికార్డింగు డబ్బాలోది. దొంగ టేకు లారీల గుట్టు బయటపెట్టాడని ఆ టేకు వ్యాపారి మనుషులు ఆమె భర్తను పట్టపగలు కొట్టి చంపారు. పోతూ డబ్బానూ పగలగొట్టారు. అప్పుడామె సంతలో ఉంది. లారీ గుద్దిందని ఊళ్లో అందరిచేతా చెప్పించారు. కాదని చెప్పగలిగింది ఆ డిస్కు ఒక్కటే.

డిస్కును నా లినక్స్ మిషన్‌కు తగిలిస్తే వీడియో తెరుచుకుంది. ఇనుప రాడ్డు మోకాలి మీద పడింది. అతను కూలబడ్డాడు. పొయ్యి మీద మరుగుతున్న టీ గిన్నె ఎత్తి ముఖాన కుమ్మరించారు. చేతులు అడ్డం పెట్టుకుంటే ఆ చేతుల మీదే కొట్టారు, వేళ్లు వంకర్లు పోయేదాకా. రాడ్డు పట్టినవాడు చెమట తుడుచుకుంటూ కెమెరా వైపు తిరిగాడు. ముఖం నిండుగా కనిపించింది. అక్కడ బొమ్మ బిగుసుకుపోయింది.

కనబడుతోందని ఆమెకు ఫోన్ చేసి చెప్పేశాను. ఆ తెరను నా ఫోనుతో ఒక్క ఫొటో తీసినా సరిపోయేది. ఎందుకు తీయలేదు? మొత్తం బాగుచేసి ఇస్తే పేరొస్తుందనే ఆశా, ఇంత తెలిసినవాడికి జాగ్రత్తలెందుకనే పొగరా?

డిస్కులో ఫైళ్ల అమరికను, అంటే ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే నా ప్రోగ్రాం పాతది. ఈ డిస్కుకు తాను చాలనని, కొత్త వెర్షన్ తెచ్చుకోమని మొరాయించింది. దాని సోర్స్ కోడ్ దింపుకుని, కంపైల్ చేసి కొత్త ప్రోగ్రాం నేనే కట్టాను. తెర మీద వరసలు పరుగెడుతుంటే నన్ను చూసి నేనే మురిసిపోయాను. కట్టిన ప్రోగ్రాంను ముందు పరీక్షించే మెట్టు ఒకటుంటుంది, దాటేశాను. ఇన్‌స్టాల్ చేసి నేరుగా అసలు డిస్కు మీదే నడిపాను. అది పద్ధతిగా అడగసాగింది. ఈ ముక్క పాడైంది, తీసెయ్యనా? ఇది దేనికీ అతకడం లేదు, చెరిపెయ్యనా? ఒక్కోదానికీ ఆలోచించి జవాబు చెప్పాలి. నాకంత ఓపిక ఎక్కడిది? ఆపి, అన్నిటికీ ముందే అవునని చెప్పే ఆప్షన్ పెట్టి మళ్లీ నడిపాను. చివరికి డిస్కు శుభ్రమని తేల్చింది. తెరిచి చూస్తే నిజంగానే శుభ్రం.

మర్నాడు ఆమె వచ్చింది.

"కనబడ్డడా అన్నా?"

"ఏం లేదక్కా. ఆళ్లు పలగ్గొట్టినప్పుడే ఖరాబైంది."

"నిన్న ఫోన్ల కనబడుతుందంటివి గదనే?"

"అది వేరే దినానిది."

"పాలల్ల నీళ్లు గలిపి మొకం గిట్లనే పెడుతరు. నేనూ గలుపుత, నాకెరకే. నిజం జెప్పు, ఎవలన్న బెదిరిచ్చిండ్రా?"

"అవ్," అన్నాను.

ఎవరూ బెదిరించలేదు. ఆమే దారి చూపించింది, నేను దూరిపోయాను. ఆ మాట నమ్మి ఆమె నేరుగా టేకు వ్యాపారి ఇంటికి వెళ్లి, కొట్టువాణ్ని బెదిరించి నా మొగుడి చావు చెరిపిస్తారా అని వాకిట్లో నిలబడి అరిచింది. డిస్కు సంగతి వాళ్లకు అప్పుడే తెలిసింది. జుట్టు పట్టి ఈడ్చారు. దవడ విరగ్గొట్టారు. హోటల్ తగలబెట్టారు. లారీ ప్రమాదం కిందే కేసు మూతపడింది. ఇప్పటికీ ఆమె అన్నం నమలలేక జావ తాగుతుంది.

తర్వాత ఆ రాడ్డువాడు నా కొట్టుకొచ్చాడు. "మేమెప్పుడు బెదిరిచ్చినమే సేటూ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. వాడి ఫోనుకు గ్లాసు వేసి, బేరమాడితే పైసా తగ్గించకుండా పంపాను. గెలిచానని ఒక్క క్షణం సంబరం కూడా పడ్డాను. ఎలాంటి మనిషిని నేను?

మిమ్మల్ని క్షమాపణ అడగను, అది మీ దగ్గర దొరికే సరుకు కాదు. లెక్క మాత్రం సరిగ్గా చెబుతాను. వీడియో పోయింది నా తొందరపాటు వల్ల. ఆమె దవడ విరిగింది నా అబద్ధం వల్ల. ఆ ముఖం నేను చూశాను, ఏ రోజైనా వెళ్లి చెప్పగలను, ఇవాళ్టిదాకా వెళ్లలేదు. మొదటిదాన్ని పొరపాటు కింద రాసుకోండి. మిగతా రెండూ తెలిసి చేసినవి, నా పేరనే రాయండి. జమ సున్నా.